వారంటీ అయిపోయింది: సర్వీసు షోరూమ్‌లోనా, బయట మెకానిక్ దగ్గరా?

అరండల్‌పేట టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాది 2021 మోడల్ చిన్న పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్. కంపెనీ పేరు ఎందుకులెండి, చెప్తే ఏ షోరూమో మా ఊళ్లో ఇట్టే తెలిసిపోతుంది. రీడింగ్ 39 వేలు దాటింది. గుంటూరులో ఉంటాను, తెనాలి వైపు ఒక హైస్కూల్లో పని చేస్తాను, రోజూ కారులోనే వెళ్లి వస్తాను. ఇన్నాళ్లూ సర్వీసంతా షోరూమ్‌లోనే చేయించాను. ఇప్పుడు వారంటీ అయిపోయింది, పొడిగించుకోలేదు.

40 వేల సర్వీసు దగ్గర పడింది. దానితోపాటు ఒక శబ్దం మొదలైంది. ఎడమవైపు ముందు చక్రం దగ్గర టకటకమంటోంది. చిన్న చిన్న గతుకుల మీద ఎక్కువ, పెద్ద గుంటలో దిగితే అంతగా రాదు. అదేమిటో నాకు అర్థం కాలేదు.

షోరూమ్‌కి తీసుకెళ్తే సర్వీసుకు 14,850 ఎస్టిమేట్ ఇచ్చారు. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేక్ ఆయిల్, లేబర్ కలిపి 7 వేలు. మిగిలినవి ఇంజిన్ డీకార్బనైజేషన్ (లోపలి మసి తీయడమట) 1,900, త్రాటిల్ బాడీ (ఇంజిన్‌కి గాలి వెళ్లే దారి) క్లీనింగ్ 750, ఏసీ క్లీనింగ్ 1,400, అండర్‌బాడీ కోటింగ్ (కారు అడుగున తుప్పు పట్టకుండా పూత) 3,800. శబ్దం సంగతి వేరే. ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ, లోయర్ ఆర్ములు (చక్రాన్ని కిందినుంచి పట్టి ఉంచేవి) రెండూ మార్చాలట, ఇంకో 17 వేలు. కారు కిందికి వంగి చూసినవాళ్లు లేరు. సర్వీస్ అడ్వైజరు, అంటే కారు తీసుకుని ఎస్టిమేట్ రాసే అతను, పక్క సీట్లో కూర్చుని ఒక రౌండు తిప్పించి చెప్పేశాడు.

మా వీధి చివర ఒక మెకానిక్ ఉన్నాడు. ఆయన్ని అడిగితే "లింక్ రాడ్ పోయుంటుందమ్మా, వెయ్యిలోపు అయిపోద్ది, సర్వీసు మొత్తం 5,200కి చేస్తా" అన్నాడు. లింక్ రాడ్ అంటే ముందు చక్రం సస్పెన్షన్‌లో ఉండే ఒక చిన్న కడ్డీ అట. అక్కడ 32 వేలు, ఇక్కడ 6 వేలు. తేడా ఇంత ఉంటే ఎవర్ని నమ్మాలి?

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు "బయటివాళ్లు చెయ్యి పెడితే రీసేల్ పోద్ది అక్కా" అంటాడు. ఎదురింటి బాబాయ్ గారేమో "షోరూమ్‌లో నిలువునా ముంచుతారమ్మా" అంటారు. ఇద్దరిలో ఒక్కరూ నా కారు బానెట్ ఎత్తి చూసిన పాపాన పోలేదు.

ఇంకో సంగతి. షాపుకు వెళ్తే ఆ మెకానిక్ మాట్లాడేది నాతో కాదు, పక్కనున్న మా అబ్బాయితో. వాడు ఇంటర్ చదువుతున్నాడు, డ్రైవింగ్ రాదు.

బైపాస్ రోడ్డు

షోరూమే అండీ, ఇంకో మాట లేదు. నా కారుకు బయట ఏసీ గ్యాస్ పట్టిస్తే నెల తిరక్కుండా పోయింది. ఎక్కడ లీకో చూడకుండా పట్టించేశాడు. తర్వాత వెళ్లి అడిగితే "గ్యాస్‌కి గ్యారంటీ ఉండదు సార్" అన్నాడు.

ఎస్టిమేట్ శాస్త్రి

మేడమ్, కొన్నేళ్లు షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజరుగా చేసి మానేసినవాణ్ని. ఆ ఎస్టిమేట్ నా చేత్తో రాసినట్టే ఉంది.

ముందు ఒక విషయం తెలుసుకోండి. అడ్వైజరుకు మెకానిక్ పని రావాలని లేదు. బళ్లన్నీ పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య వచ్చి పడతాయి. ఒక్కో బండికి పది నిమిషాలు దొరికితే గొప్ప. ఆ పది నిమిషాల్లో శబ్దం ఎక్కడిదో కనిపెట్టడం కుదరదు కాబట్టి, శబ్దం రాగల పార్టులన్నీ రాసేస్తాం. ఏదో ఒకటి తగులుతుంది, కస్టమర్ మళ్లీ అదే కంప్లయింటుతో రాడు. దీనికి దురుద్దేశం కూడా అక్కర్లేదు, టైము లేకపోతే చాలు. కింద పని చేసే కుర్రాడికి మీరెవరో తెలీదు, మీరు చెప్పిన "చిన్న గతుకుల మీద ఎక్కువ" అన్న మాట అతని దాకా వెళ్లదు. జాబ్ కార్డులో "ఫ్రంట్ నాయిస్" అన్న రెండు ముక్కలే వెళ్తాయి.

ఇక డీకార్బనైజేషన్, ఏసీ క్లీనింగ్, కోటింగ్. వీటిని మేం వాస్ అనేవాళ్లం, వాల్యూ యాడెడ్ సర్వీసులన్నమాట. వీటికి నెలవారీ టార్గెట్ ఉంటుంది. సాయంత్రం మీటింగులో మేనేజరు మొదట అడిగేది ఆ లెక్కే.

గ్లవ్ బాక్సులో ఓనర్స్ మాన్యువల్ ఉంటుంది. చివరి పేజీల్లో మెయింటెనెన్స్ షెడ్యూల్ అని ఒక పట్టిక ఉంటుంది. 40 వేల గడిలో ఏమేం ఉన్నాయో ఫోటో తీసుకోండి. అందులో ఉన్నది చేయించండి, లేనిదానికి కారణం అడగండి. "కంపెనీ రికమండేషన్ మేడమ్" అంటారు. కంపెనీ రికమండేషన్ ఆ పట్టికే.

మీ లిస్టు సంగతి చూస్తే, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ ఎటూ తప్పవు. బ్రేక్ ఆయిల్ చూడ్డానికి బాగానే కనిపిస్తుంది కానీ గాలిలో తేమ పీల్చుకుంటుంది. తేమ పట్టినది తొందరగా మరుగుతుంది, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటారు, అది మాత్రం వదలొద్దు. ప్లగ్గులు మామూలు నికెల్‌వైతే 40 వేల దగ్గర మార్చడం సబబే. ఇరీడియంవైతే దాదాపు లక్ష దాకా వస్తాయి, మీవి ఏవో అదే పట్టిక చెప్తుంది. పికప్ బాగుండి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ వణకకుండా ఉంటే డీకార్బ్, త్రాటిల్ బాడీ రెండూ అక్కర్లేదు. ఏసీ వాసన వస్తుంటే ముందు క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, మీరే లాగి చూడొచ్చు. కోటింగ్ విశాఖ బీచ్ రోడ్డులోనో మచిలీపట్నంలోనో ఉండేవాళ్లు అడిగితే ఆలోచించమంటాను, ఉప్పుగాలికి ఇనుము నిలవదు. గుంటూరు, తెనాలి మధ్య తిరిగే కారుకి వానాకాలం అయ్యాక అడుగు భాగం గట్టిగా నీళ్లు కొట్టించి కడిగిస్తే సరిపోతుంది.

పార్టుల రేటు కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి బండి విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే. అంతకు ముందు చాలా పార్టులకు 28 ఉండేది. పాత ధర వేశారేమో ఒక్కసారి అడగండి.

నా కారు వారంటీ అయ్యాక నేను షోరూమ్ గేటు దాటింది ఒక్క రీకాల్ కోసమే, అంటే తయారీ లోపం బయటపడి కంపెనీయే కార్లను వెనక్కి పిలిచినప్పుడు. రీకాల్ పని ఉచితంగా చేస్తారు, మీరు బయట సర్వీసు చేయించుకున్నా సరే. ఛాసిస్ నంబరు కొట్టి చూసే వీలు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. షోరూమ్ నుంచి ఫోన్ వస్తుందని ఎదురు చూడొద్దు.

మీ తమ్ముడు గారి మాటలో కొంత నిజం ఉంది. కంపెనీ వాళ్ల పాత కార్ల షోరూమ్‌కే అమ్మితే ఆ రికార్డు పనికొస్తుంది. బయటివాళ్లకు అమ్మితే వరసగా బిల్లులు చూపిస్తే చాలు. దానివల్ల అమ్మకంలో తగ్గే డబ్బు, ఏటా షోరూమ్‌లో మీరు ఎక్కువ కట్టే డబ్బుకన్నా తక్కువే ఉంటుందని నా అంచనా.

ఆటోనగర్ పానా

అమ్మా నమస్తే. విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షాపు మాది. ఫోన్లో టైపు చేస్తున్నా, తప్పులుంటే టీచరు గారు ఎర్ర పెన్నుతో దిద్దుకోండి.

చిన్న గతుకులకి ఎక్కువ, పెద్ద గుంటకి తక్కువ అన్నారు చూడండి, సగం జబ్బు అక్కడే తెలిసిపోయింది. షాక్ పోతే బండి దిగిన చోట రెండు మూడు సార్లు ఊగుతుంది. లోపలి ఆయిల్ కారి, దానిమీద దుమ్ము పట్టి నల్లగా తడిగా కనపడుతుంది. లోయర్ ఆర్మ్ బుష్ (అతుకు దగ్గరి రబ్బరు) పోతే బ్రేక్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు ఒక్కటే దెబ్బ, డబ్‌మని. టైరు కూడా ఒక అంచున తినేస్తది. షాక్ పైన ఉండే మౌంట్ బేరింగైతే ఆగి ఉండి స్టీరింగ్ తిప్పినా కరకరమంటుంది. లింక్ రాడ్ బాల్ జాయింట్లో ఆట, అంటే వదులు వస్తేనే మీరు చెప్పినట్టు టకటక. ఒక చక్రం లేచి ఇంకోటి దిగే చోట ఎక్కువగా వస్తుంది.

కానీ కింద చూడకుండా ఎవరు చెప్పినా ఊహే. షోరూమ్ అబ్బాయి చెప్పినా, మీ వీధి చివరాయన చెప్పినా, ఇక్కడ నేను రాసినా అంతే. గుంట మీదో ర్యాంపు మీదో పెట్టించి, చక్రాలు నాలుగూ సమంగా ఆనుకుని ఉండగా లింక్ రాడ్ పట్టుకుని ఊపమనండి. ఆట చేతికే తెలుస్తుంది. మీరు కూడా దిగి చూడండి, మొహమాటం వద్దు. ఇంకా అనుమానం ఉంటే రెండు లింకులూ ఊడదీసి వీధిలో మెల్లగా ఒక రౌండు వేస్తాం. శబ్దం ఆగిందా, అదే. దానికి అలైన్‌మెంట్ (చక్రాల వరస సరిచేయడం) కూడా అక్కర్లేదు. లోయర్ ఆర్ములు మారిస్తే మాత్రం అలైన్‌మెంట్ చేయించాలి, ఆ ఖర్చు 17 వేలలో ఉందో లేదో అడిగారా?

ఇప్పుడు మావాళ్లు తిట్టుకున్నా ఒకటి చెప్తా. కొత్త పెట్రోల్ ఇంజిన్లకి కంపెనీవాళ్లు చెప్పే ఆయిల్ చాలా పల్చగా ఉంటుంది, డబ్బా మీద 0డబ్ల్యూ16, 0డబ్ల్యూ20 అని ఉంటుంది. పాతకాలం మెకానిక్‌కి అది చూస్తే నీళ్లు పోసినట్టు అనిపిస్తది. "ఇది నిలవదు సార్" అని చిక్కటిది పోసేస్తాడు. పొయ్యనివ్వకండి. ఆ ఇంజిన్ లోపలి సందులు ఆ పల్చటి ఆయిల్‌కి తగ్గట్టే చేశారు. చిక్కటిది పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైదాకా ఎక్కడానికి టైము పడుతుంది, మైలేజీ తగ్గుతుంది. మాన్యువల్లో ఏ నంబరు ఉందో ఆ డబ్బా, ఫిల్టరు కంపెనీ స్పేర్ పార్ట్స్ కౌంటర్లో మీరే కొనుక్కెళ్లండి. సీలు మీ ముందే తీయించండి, ఖాళీ డబ్బా మీరే పట్టికెళ్లండి. ఖాళీ డబ్బాలు కొనుక్కెళ్లేవాళ్లు ఎందుకు కొంటారో మీకు చెప్పాలా.

నేను ముట్టుకోని పనులూ ఉన్నాయి. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే నా దగ్గరికి రావొద్దంటా. రిమోట్ తాళం పోయినా, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపలి పనైనా అంతే. బీఎస్6 డీజిల్ బళ్లకి సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ (పొగలో మసి పట్టే ఫిల్టరు) ఉంటది, ఆయిల్ తేడా పోస్తే అది మూసుకుపోతుంది. అవి కంపెనీ వాళ్ల దగ్గరికే పంపిస్తా.

ఇన్సూరెన్స్ పనులు కూడా అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు బళ్లు మునిగాయి కదా. నీళ్లు తగ్గాక తాళం తిప్పి చూసినవాళ్ల ఇంజిన్లు లోపలి నీళ్లకి రాడ్డు వంగి పోయాయి. తిప్పకుండా తోయించి, ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసినవాళ్లు బతికిపోయారు. ఇది మీ ప్రశ్న కాదులే గానీ వానాకాలం కాబట్టి చెప్పా.

చివరిగా, మీ కారు గురించి మీతో మాట్లాడని మెకానిక్‌తో పని చేయించొద్దు. శబ్దం విన్నది మీరు, మీ అబ్బాయి కాదు.

వినియోగదారు విశ్వం

బయట చేయిస్తే వారంటీ పోతుందని ఇంకా వారంటీ ఉన్నవాళ్లని భయపెడుతుంటారు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం, పరికరాలు బయటి గ్యారేజీలకు దొరక్కుండా చేశారన్నది అభియోగం. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దంటూ షరతు పెట్టొద్దని కూడా ఆ ఆదేశంలో ఉంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా పెట్టింది, వాహనాలు అందులో ఉన్నాయి. ఎవరైనా మొండికేస్తే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.

ఎస్టిమేట్ శాస్త్రి

విశ్వం గారూ, మీరు చెప్పింది కాగితం మీద నిజమే. కౌంటర్ దగ్గర జరిగేది వేరు. క్లెయిమ్ వస్తే కంపెనీకి పంపే ఫారంలో మొదటి గడి సర్వీస్ హిస్టరీ. అది ఖాళీగా ఉంటే, ఆ పార్టు పోవడానికీ బయటి సర్వీసుకీ సంబంధం లేదని నిరూపించుకునే భారం మీ నెత్తిన పడుతుంది. గెలవొచ్చు, కానీ ఈలోపు కారు లేకుండా తిరగాలి. మారుతి 2024 జూలైలో మామూలు వారంటీని మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. అంత వారంటీ చేతిలో ఉన్నవాళ్లు సర్వీసులో రెండు మూడు వేలు మిగుల్చుకోవడానికి దాన్ని గొడవలో పెట్టుకోవడం నాకు నచ్చదు. టీచరు గారి కేసు వేరు, ఆవిడకి పోయేదేం లేదు.

అరండల్‌పేట టీచర్

అందరికీ చాలా థాంక్స్. రెండో శనివారం సెలవు కదా, రెండు పనులూ అయ్యాయి.

మా వీధి చివరాయన దగ్గర ర్యాంపు లేదు, గుంట ఉంది. అబ్బాయిని ఇంట్లో వదిలేసి ఒక్కదాన్నే వెళ్లాను, మాట్లాడక తప్పలేదు ఆయనకి. "కింద చూశాకే పార్టు కొంటాను" అన్నాను. టార్చ్ లైటు నాకే ఇచ్చి చూపించాడు. ఎడమవైపు లింక్ రాడ్ కొస దగ్గర రబ్బరు చిరిగి గ్రీజు ఎండిపోయి ఉంది, పట్టుకుని ఊపితే టక్కుమంటోంది. కుడివైపుది బాగానే ఉంది కానీ రెండూ మార్పించేశాను. కంపెనీ కౌంటర్లో ఒక్కోటి 720, లేబర్ 400. షాకులు పొడిగానే ఉన్నాయి. ఎడమ లోయర్ ఆర్మ్ బుష్ మీద సన్నటి పగులు ఉందని ఆయనే చూపించి, "ఇప్పుడే తొందరేం లేదమ్మా, వచ్చే సర్వీసుకు చూద్దాం" అన్నాడు. శబ్దం పోయింది.

సర్వీసు కూడా ఆయనకే ఇద్దామనుకుని ఆయిల్ సంగతి అడిగాను. పానా గారు రాసింది చదివి వచ్చాడేమో అనిపించింది. "ఆ పల్చటిది వద్దమ్మా, కాస్త చిక్కటిది పోద్దాం, ఇంజిన్ మెత్తగా ఉంటది" అన్నాడు. డబ్బా నేనే తెస్తానంటే కాదనడేమో కానీ, మంచి మనిషితో వాదన పెట్టుకోబుద్ధి కాలేదు. మాన్యువల్ ఫోటో పట్టుకుని షోరూమ్‌కే వెళ్లాను. మా పట్టికలో ప్లగ్గులు 40 వేలకే ఉన్నాయి. మిగిలిన నాలుగూ కొట్టేయమన్నాను. బిల్లు 6,940. లింక్ రాడ్లతో కలిపి మొత్తం 8,780.

శాస్త్రి గారిని ఒకటి అడగాలి. జాబ్ కార్డు మీద ఇంగ్లీషులో "కస్టమర్ డినైడ్" అని నాలుగు చోట్ల రాసి సంతకం పెట్టించుకున్నారు. షాకులు, లోయర్ ఆర్ములు కూడా అందులో రాశారు. రేపు దీనివల్ల ఏమైనా ఇబ్బందా?

ఎస్టిమేట్ శాస్త్రి

ఏమీ లేదు మేడమ్. టార్గెట్ ఎందుకు కాలేదని మేనేజరు అడిగితే అడ్వైజరు చూపించుకునే కాగితం అది. వచ్చే సర్వీసుకి వెళ్లినప్పుడు కంప్యూటర్లో అది తెరిచి "పోయినసారి చెప్పాం కదా మేడమ్" అని మొదలుపెడతారు. లింక్ రాడ్ల బిల్లు దగ్గర పెట్టుకోండి, దాని మీద రీడింగ్, తేదీ రాయించారా?

అరండల్‌పేట టీచర్

కౌంటర్ బిల్లు ఉంది. ఆయన లేబర్‌కి బిల్లు ఇవ్వడు, ఆ బిల్లు వెనకాలే రీడింగ్ రాయించి సంతకం పెట్టించాను.

నరసరావుపేట స్విఫ్ట్

మేడమ్, నాదీ అదే టకటక. ఆ మెకానిక్ ఎక్కడో చెప్తారా?

అరండల్‌పేట టీచర్

నంబరు ఇక్కడ పెట్టను, మెసేజ్ చేయండి, చెప్తాను. ఆదివారం మధ్యాహ్నం దాకే ఉంటాడు. ఆయిల్ మార్పించేటట్టయితే డబ్బా మీరే పట్టుకెళ్లండి.